అరిస్టాటిల్ చేతిలోనే ఉన్న జవాబు: ఒక ముళ్ళ బంతి కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మన హీరో ఒక ముళ్ళ బంతి. సముద్రంలో ఉంటుంది, రాళ్ళకి అతుక్కుని పాచి గీక్కుని తింటుంది. ఇంగ్లీషులో సీ అర్చిన్ అంటారు. అర్చిన్ అనేది హెడ్జ్‌హాగ్‌కి పాత ఇంగ్లీషు పేరు. అంటే వాళ్ళ లెక్కలో ఇది సముద్రపు ముళ్ళపంది అన్నమాట. మన విశాఖపట్నం వైపు రాళ్ళ తీరంలో కూడా ఉంటాయి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లో ముదురు రంగు ముళ్ళు కనిపిస్తాయి. తొక్కితే మాత్రం పేరు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు దీన్ని ఒక్క లైనులో చదివి వదిలేస్తారు: ఎఖైనోడెర్మేటా, ఉదాహరణలు సముద్ర నక్షత్రం, సీ అర్చిన్. ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్, ఆ తర్వాత కొన్నేళ్ళు కోడ్ రాసుకున్న నాలాంటి వాడికి ఆ లైను కూడా లేదు. కానీ ఈ జంతువు చరిత్ర చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఏంటంటే, మనం ఎలా పుడతాం అనే ప్రశ్నకి మనిషికి దొరికిన జవాబులో పెద్ద ముక్క దీని కడుపులోంచి వచ్చింది. ఉపమానంగా చెప్పట్లేదు. నిజంగా దీని గుడ్లలోంచే.

ముందు ఇది ఎలా ఉంటుందో రెండు నిమిషాల్లో చూసేద్దాం. మెదడు లేదు. కళ్ళు లేవు. నోరు కింద, మలద్వారం పైన. సున్నపు పలకలు ఒకదానికొకటి అతుక్కుని గుండ్రటి డబ్బాలా తయారవుతాయి, దాని మీద పల్చటి చర్మం. ఒక్కో ముల్లూ మన భుజం కీలు లాంటి కీలు మీద తిరుగుతుంది. ముళ్ళ మధ్యలోంచి వందల కొద్దీ సన్నటి గొట్టాలు బయటికి వస్తాయి, అవే కాళ్ళు. జేసీబీ చెయ్యి ఆయిల్ ప్రెజర్‌తో లేస్తుంది కదా, ఇక్కడ నీటి ప్రెజర్‌తో లేస్తుంది. ఒళ్ళంతా అయిదు భాగాలుగా ఉంటుంది: అయిదు పళ్ళు, అయిదు వరసల కాళ్ళు, లోపల అయిదు అండాశయాలో వృషణాలో. జపాన్‌లో ఉని అని ఎంతో ఖరీదు పెట్టి తినేది ఈ లోపలి అయిదు తొనల్నే. చేప గుడ్లు లాంటివనుకుని తింటారు చాలామంది. మగ అర్చిన్ పళ్ళెంలోకి వస్తే అది గుడ్లు కాదని వాళ్ళకి ఎవరూ చెప్పరు. పోనివ్వండి.

ఇంకో ముఖ్యమైన విషయం. పిండం దశలో ముందుగా ఒక చిన్న గుంట పడుతుంది. పురుగుల్లో, నత్తల్లో చాలావాటికి ఆ గుంటే నోరవుతుంది. అర్చిన్‌కి అది మలద్వారం అవుతుంది, నోరు తర్వాత ఇంకోచోట తెరుచుకుంటుంది. మనకీ అంతే. అందుకే వంశవృక్షంలో ఈగ కన్నా, ఆక్టోపస్ కన్నా ఈ ముళ్ళ బంతి మనకి దగ్గరి చుట్టం. 2006లో అమెరికా పశ్చిమ తీరపు ఊదా రంగు అర్చిన్ జీనోమ్ మొత్తం చదివినప్పుడు సుమారు 23,300 జీన్లు తేలాయి. మన దగ్గర ఉన్నవాటితో సరిపోలేవి వాటిలో వేలకొద్దీ ఉన్నాయి.

సరే, ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. బిడ్డని ఎవరు తయారు చేస్తారు? తల్లా, తండ్రా?

నవ్వకండి. వేల ఏళ్ళ పాటు ఇది నిజమైన ప్రశ్న. మన దగ్గర దానికి ఒక జవాబు తయారుగా ఉండేది: ఆడది క్షేత్రం, మగవాడు బీజం. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఈ పోలిక వస్తుంది. పొలం ఎవరిదైనా, ఏ విత్తనం వేస్తే ఆ మొక్కే మొలుస్తుంది కాబట్టి విత్తనానిదే పైచేయి అని వాదన నడుస్తుంది. ఆ పోలిక పుస్తకంలో ఉండిపోలేదు. ఇప్పటికీ మన ఇళ్ళల్లో మాటల్లో ఉంది. బిడ్డ తెలివైనదైతే ‘మా వంశపు రక్తం’. పిల్లలు పుట్టకపోతే ‘ఆ అమ్మాయిలోనే ఏదో లోపం’. మూడోసారీ ఆడపిల్ల అయితే ఎవరి వైపు చూస్తారో మీకు నేను చెప్పాలా? విత్తనం గొప్పదంటారు, పంట మీద కోపం మాత్రం పొలం మీద చూపిస్తారు.

గ్రీకులదీ దాదాపు ఇదే జవాబు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ రాసింది ఏంటంటే, బిడ్డకి రూపాన్నీ కదలికనీ ఇచ్చేది తండ్రి, తల్లి ఇచ్చేది ముడిసరుకు మాత్రమే. వడ్రంగీ చెక్కా ఉన్నట్టు. వడ్రంగిలోంచి ఏ ముక్కా బల్లలోకి వెళ్ళదు, అయినా బల్ల అతని పనే.

తమాషా ఏంటంటే ఇదే అరిస్టాటిల్ గారు సీ అర్చిన్‌ని కోసి చూసిన మనిషి. లెస్బోస్ అనే ద్వీపంలో ఉన్నప్పుడు అక్కడి సముద్ర జీవుల్ని ఓపిగ్గా గమనించారు. అర్చిన్ నోటి లోపల అయిదు పళ్ళనీ పట్టుకుని ఉండే సున్నపు చట్రం ఉంటుంది. చుట్టూ పలకలు తీసేసిన లాంతరులా ఉందని ఆయన రాశారు. ఆ పోలిక ఆ చట్రానికా, మొత్తం డొల్లకా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు కానీ, పేరు మాత్రం నిలిచిపోయింది. ఇవాళ్టి జువాలజీ పుస్తకాల్లో కూడా దాన్ని అరిస్టాటిల్ లాంతరు అనే అంటారు.

అదే పుస్తకాల్లో ఆయన ఆ అయిదు తొనల గురించీ రాశారు. జనం వీటిని గుడ్లంటారు గానీ ఇవి నిజం గుడ్లు కావు, జంతువు బాగా తిని బలిసినప్పుడు చేరే కొవ్వు లాంటివి అని ఆయన అభిప్రాయం. పౌర్ణమికి అవి పెద్దవవుతాయని కూడా అన్నారు. 1920లలో మన్రో ఫాక్స్ అనే ఆయన సూయెజ్‌కి వెళ్ళి పరీక్షిస్తే, అక్కడి ఎర్ర సముద్రంలో ఉండే ఒక జాతి నిజంగానే చంద్రుణ్ణి బట్టి గుడ్లు పెడుతుందని తేలింది. మధ్యధరా సముద్రపు జాతిలో ఆ లెక్క కనిపించలేదు. చంద్రుడి మాట అలా ఉంచితే, గుడ్లు కావన్న మాటే నన్ను పట్టి ఆపింది. తల్లి భాగం ఎంత అనే ప్రశ్నకి జవాబు ఆయన అరచేతిలో నారింజ రంగులో మెరుస్తూ ఉంది. కొవ్వు అనుకుని పక్కన పెట్టేశారు. మైక్రోస్కోప్ లేదు కాబట్టి ఆయన్ని మరీ అనడానికీ లేదు.

మైక్రోస్కోప్ వచ్చాక ఏమైందో చూడండి. 1677లో హాలండ్‌లో లీవెన్‌హుక్ వీర్యంలో ఈదుతున్న కణాల్ని చూశారు. వెంటనే ప్రశ్న తీరిపోవాలి కదా? తీరలేదు, రెండు పార్టీలయ్యాయి. ఒక పార్టీ బిడ్డ మొత్తం వీర్యకణంలోనే మడిచిపెట్టి ఉంటుందనేది. 1694లో హార్ట్‌సూకర్ వీర్యకణం తలలో ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ కూడా వేశారు (స్క్రీన్ మీద ఉన్నది అదే). రెండో పార్టీ బిడ్డ మొత్తం గుడ్డులోనే ఉంటుందనేది. వీళ్ళ దృష్టిలో వీర్యకణాలు వీర్యంలో బతికే పరాన్నజీవులు. ఇలా దాదాపు రెండు వందల ఏళ్ళు. రెండు పార్టీలకీ ఉన్న సమస్య ఒకటే: కలయిక లోపల జరుగుతుంది, లోపలికి తొంగి చూడలేం. కుక్క అండాన్ని 1827లో ఫాన్ బేయర్ కనిపెట్టారు కానీ, అండం కనిపించినంత మాత్రాన దానికి ఏం జరుగుతుందో కనిపించదు కదా.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన బాధే. ప్రొడక్షన్ సర్వర్‌లో ఏదో జరుగుతోంది, లాగ్స్ లేవు, యాక్సెస్ లేదు. అప్పుడేం చేస్తాం? అదే పని బయట కళ్ళముందు చేసే చిన్న సిస్టమ్ ఒకటి వెతుక్కుంటాం.

సీ అర్చిన్ సరిగ్గా అలాంటి సిస్టమ్. ఆడదీ మగదీ తాకవు. ఎవరిది వాళ్ళు నీళ్ళలోకి వదిలేస్తారు, కలయిక బయటే. ఒక్క ఆడ అర్చిన్ లక్షల్లో గుడ్లు ఇస్తుంది. గుడ్డు మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. కానీ చాలా జాతుల్లో గాజులా ఉంటుంది, లోపల జరిగేది బయటికి కనిపిస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి: ఒక గిన్నెలో గుడ్లు, ఇంకో గిన్నెలో వీర్యం పెట్టుకుని మీకు కావలసిన క్షణంలో ఒక చుక్క కలిపితే, లక్ష గుడ్లకీ గడియారం ఒకేసారి మొదలవుతుంది. ఆడ మనిషినో ఆవునో పెట్టుకుని ఈ ప్రయోగం ఊహించండి.

1847లో దెర్బెస్ అనే ఫ్రెంచి ఆయన ఈ పని చేసి, చుక్క కలిపిన కాసేపటికే గుడ్డు చుట్టూ ఒక పొర పైకి లేస్తుందని రాసిపెట్టారు. ఎందుకు లేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ పొర మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక 1875. ఆస్కార్ హెర్ట్‌విగ్, జర్మనీ కుర్రాడు, పాతికేళ్ళు దాటాయంతే. మధ్యధరా సముద్రం ఒడ్డున కూర్చుని అర్చిన్ గుడ్ల మీద వీర్యం చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తున్నారు. గుడ్డులో మామూలుగా ఒక కేంద్రకం కనిపిస్తుంది. కొన్ని నిమిషాల తర్వాత గుడ్డు అంచు దగ్గర రెండో చిన్న మచ్చ కనిపించింది. దాని చుట్టూ సూర్యకిరణాల్లా గీతలు. ఆ మచ్చ మెల్లగా లోపలికి జరిగింది, గుడ్డు కేంద్రకాన్ని చేరింది, రెండూ ఒకటైపోయాయి. ఆ తర్వాత గుడ్డు రెండుగా చీలింది.

ఆ రెండో మచ్చ తండ్రి కేంద్రకం. హెర్ట్‌విగ్ చెప్పింది అదే: ఫలదీకరణ అంటే రెండు కేంద్రకాలు కలవడం. బీజం పొలంలో పడటం కాదు, వడ్రంగి చెక్కని తాకడం కాదు. ఇద్దరి నుంచీ ఒకే రకమైన వస్తువు వస్తుంది, రెండూ కలుస్తాయి. వీర్యకణం లోపలికి దూరడాన్ని హెర్మన్ ఫోల్ అనే స్విస్ ఆయన సముద్ర నక్షత్రం గుడ్డులో రెండేళ్ళ తర్వాత స్వయంగా చూసి నిర్ధారించారు. (ఈ ఫోల్ 1892లో తన పడవలో సముద్రం మీదకి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. పడవ పేరు ఆస్టర్, అంటే నక్షత్రం.) తర్వాత 1883లో బెల్జియంలో ఫాన్ బెనెడెన్, గుర్రం పేగుల్లో బతికే ఒక పురుగు గుడ్డులో లెక్కపెట్టి చూపించారు: తల్లి నుంచి ఎన్ని క్రోమోజోములో, తండ్రి నుంచీ అన్నే.

ఒకటికి ఒకటి. రెండు వేల ఏళ్ళ వాదనకి ఇంత చిన్న లెక్క.

ఇక్కడ నేపుల్స్ గురించి చెప్పకపోతే అన్యాయం. ఆంటన్ డోర్న్ అనే ఆయన 1870లలో ఇటలీలో సముద్రం పక్కన ఒక పరిశోధన కేంద్రం కట్టారు. డబ్బుల కోసం ఒక ఉపాయం చేశారు: టేబుల్ అద్దె. ఏ దేశపు యూనివర్సిటీ అయినా ఏడాదికి ఇంత అని కడితే, వాళ్ళ శాస్త్రవేత్తకి ఒక టేబుల్, గాజు సామాను, లైబ్రరీ, కోరిన సముద్ర జంతువు. ఇప్పుడు మనం క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుంటున్నట్టు. తర్వాతి నలభై ఏళ్ళలో అర్చిన్ గుడ్డు మీద పనిచేసిన పెద్ద పేర్లలో చాలామంది ఆ టేబుళ్ళ మీద కూర్చుని వెళ్ళినవాళ్ళే.

వాళ్ళలో హాన్స్ డ్రీష్ కథ ఇంజనీర్‌గా నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 1888లో విల్‌హెల్మ్ రూ, కప్ప గుడ్డు రెండు కణాలుగా చీలగానే కాల్చిన సూదితో ఒక కణాన్ని చంపారు. మిగిలింది సగం పిండంగా పెరిగింది. అంటే పిండం ఒక యంత్రం, ఎడమ భాగం ఎడమదే, కుడి భాగం కుడిదే. 1891లో డ్రీష్ అర్చిన్‌తో ఇంకోలా చేశారు. రెండు కణాల దశలో ఉన్న పిండాల్ని గాజు గొట్టంలో పోసి గట్టిగా ఊపారు. కణాలు విడిపోయాయి. సగం లార్వాలు వస్తాయనే అనుకున్నారు. పొద్దున్న చూస్తే, సైజులో చిన్నవి, కానీ మొత్తం మొత్తంగా ఉన్న జీవులు ఈదుతున్నాయి. ఒక్కో సగం ఒక్కో పూర్తి జీవి.

మనుషుల్లో ఒకేలా ఉండే కవలలు ఎలా పుడతారో ఇక్కడ అర్థమవుతుంది. కానీ డ్రీష్‌కి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్‌ని మధ్యకి కోస్తే రెండు చిన్న ల్యాప్‌టాప్‌లు రావు కదా! ఏ యంత్రం ఇలా చేయగలదు? కొన్నేళ్ళు కొట్టుకుని చివరికి, జీవంలో యంత్రానికి అందని ఇంకేదో శక్తి ఉందని తీర్మానించి ఫిలాసఫీ ప్రొఫెసర్ అయిపోయారు. నాకు ఆయన మీద చిన్నచూపు లేదు. ప్రతి కణంలోనూ పూర్తి కోడ్ కాపీ ఉంటుందనీ, పక్క కణం ఉందో లేదో చూసుకుని నడుచుకుంటుందనీ ఊహించడానికి మనకి కంప్యూటర్లున్నాయి. ఆయనకి గడియారాలూ ఆవిరి ఇంజన్లూ తప్ప ఇంకేం ఉన్నాయి?

అదే కాలంలో థియొడోర్ బొవేరి ఇంకో ప్రశ్న పట్టుకున్నారు. క్రోమోజోములన్నీ ఒకటేనా, ఒక్కోదానికి ఒక్కో పని ఉంటుందా? ఆయన వాడిన ఉపాయం చూడండి. మధ్యధరా అర్చిన్‌కి తల్లి నుంచి 18, తండ్రి నుంచి 18, మొత్తం 36. వీర్యం ఎక్కువ పోస్తే కొన్ని గుడ్లలోకి ఇద్దరు తండ్రులు దూరతారు. అప్పుడు 54 అవుతాయి. గుడ్డు రెండుగా కాకుండా ఒకేసారి నాలుగుగా చీలుతుంది. రెట్టింపైన 108 క్రోమోజోములు నాలుగు కణాల మధ్య ఇష్టం వచ్చినట్టు పంచబడతాయి. ఆ పిండాలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఆ నాలుగు కణాల్నీ విడదీసి పెంచితే, ఒక్కోటి ఒక్కో రకంగా పాడైంది. క్రోమోజోములన్నీ ఒకటే అయితే అన్నీ ఒకేలా పాడవ్వాలి. కాలేదు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. 1902లో ఇది అచ్చయింది. క్రోమోజోముల పంపకం తప్పితే కణం దారి తప్పుతుందన్న ఈ ఆలోచనతోనే 1914లో క్యాన్సర్ మీద ఒక పుస్తకం రాసి, మరుసటి ఏడాదే చనిపోయారు. ఆయన పక్కన కూర్చుని పనిచేసిన భార్య మార్సెల్లా కూడా జీవశాస్త్రవేత్తే. ఆ పుస్తకాన్ని తర్వాత ఆవిడే ఇంగ్లీషులోకి తెచ్చారు.

బొవేరి దగ్గరికి అమెరికా నుంచి చదువుకోవడానికి వచ్చిన వాళ్ళలో నెట్టీ స్టీవెన్స్ ఒకరు. బడిలో పాఠాలు చెప్పి డబ్బులు కూడబెట్టుకుని, ముప్ఫై అయిదేళ్ళు దాటాక కాలేజీలో చేరిన మనిషి. 1905లో పిండికి పట్టే ఒక పురుగులో ఆవిడ చూసింది ఇది: అండాలన్నీ ఒకేలా ఉంటాయి, వీర్యకణాలే రెండు రకాలు. ఒక రకంలో పెద్ద క్రోమోజోము ఉంటే, రెండో రకంలో దాని చోట చిన్నది ఉంటుంది. పెద్దది ఉన్నది కలిస్తే ఆడ, చిన్నది ఉన్నది కలిస్తే మగ. మనుషుల్లోనూ ఇదే పద్ధతి, ఎక్స్, వై అని మనం చదివింది ఇదే. అంటే ఆడపిల్ల పుట్టిందని కోడల్ని అనే ప్రతి అత్తగారూ తప్పు అడ్రసుకి ఉత్తరం రాస్తున్నట్టు. ఇది తెలిసి నూట ఇరవై ఏళ్ళు దాటింది.

సరే, సగం సగం అని తేలింది. అయినా ‘పొలం’ ఆలోచన చావలేదు, వేషం మార్చింది. కేంద్రకం సగం సగమే గానీ, గుడ్డు నిద్రపోతూ ఉంటుంది, వీర్యకణం వచ్చి లేపుతుంది అన్నారు. రాజకుమారుడు, నిద్రపోతున్న రాజకుమారి.

1899లో అమెరికాలోని వుడ్స్ హోల్ అనే సముద్ర తీర పరిశోధన కేంద్రంలో జాక్ లోబ్ అర్చిన్ గుడ్లని మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచి మళ్ళీ సముద్రపు నీళ్ళలో వేశారు. తండ్రి లేడు. గుడ్లు చీలాయి, లార్వాలై ఈదాయి. పేపర్లు గోల గోల చేశాయి, మార్క్ ట్వేన్ కూడా దీని మీద ఒక వ్యాసం రాశారు. గుడ్డుని లేపడానికి రాజకుమారుడు అక్కర్లేదు, చిటికెడు ఉప్పు చాలు. కానీ లోబ్ దీన్ని అర్థం చేసుకున్న తీరు వేరు: జీవం అంటే రసాయన యంత్రం, నేను బటన్ నొక్కాను, అంతే. ఆయన దృష్టిలోనూ గుడ్డు ఎవరో ఒకరు బటన్ నొక్కాల్సిన వస్తువే.

కాదని చెప్పిన మనిషి గురించి చెప్పడానికే నిజానికి ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. 1883లో సౌత్ కరొలైనాలో చార్ల్స్‌టన్‌లో పుట్టారు, నల్లజాతి కుటుంబం. డార్ట్‌మత్ కాలేజీలో చదువు, తర్వాత వాషింగ్టన్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన హోవర్డ్ యూనివర్సిటీలో ఉద్యోగం. 1909 నుంచి దాదాపు ఇరవై వేసవులు వుడ్స్ హోల్‌లో గడిపారు. సముద్ర జీవుల గుడ్లని ఎలా సేకరించాలి, ఏ గిన్నె ఎంత శుభ్రంగా ఉండాలి, ఏ నెలలో ఏ గుడ్డు ఆరోగ్యంగా ఉంటుంది, ఇవన్నీ ఆయనకి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియవు. తెల్లవాళ్ళు వచ్చి అడిగి నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. ఏ తెల్లవాళ్ళ యూనివర్సిటీ మాత్రం ఆయనకి ఉద్యోగం ఇవ్వలేదు.

గుడ్డుని అంత దగ్గరగా, అంత ఓపిగ్గా చూసిన మనిషికి కనిపించింది ఇది. అర్చిన్‌కి దగ్గరి బంధువు శాండ్ డాలర్ అని బిళ్ళలా ఉంటుంది, దాని గుడ్డు. మొదటి వీర్యకణం తాకిన చోటు నుంచి ఒక మార్పు అలలా గుడ్డు ఉపరితలం మీద పాకుతుంది. ఆ అల దాటిన చోట ఇంకో వీర్యకణం దూరలేదు. ఆ తర్వాతే పొర లేస్తుంది. దెర్బెస్ చూసిన పొర గుర్తుందా? అది రెండో తలుపు. మొదటి తలుపు అంతకు ముందే కంటికి కనపడకుండా మూసుకుంటోంది. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు ఒకే బెర్తు ఇద్దరికి వెళ్ళకుండా సిస్టమ్ ముందు లాక్ వేస్తుంది, తర్వాత పేరు రాస్తుంది, అలా అన్నమాట. ఇద్దరు దూరితే ఏమవుతుందో బొవేరి చూపించేశారు కదా: చావు. కాబట్టి ఈ తలుపు వేసే పని చిన్నది కాదు. ఆ పని గుడ్డుది.

1919లో ఆయన ఇది రాశారు. 1976లో లోరిండా జఫీ అర్చిన్ గుడ్డులో సన్నటి ఎలక్ట్రోడ్లు గుచ్చి కొలిచి చూపించారు: మొదటి వీర్యకణం కలవగానే, సెకన్లలోనే గుడ్డు పొర వోల్టేజి మారిపోతుంది, ఆ మార్పు ఉన్నంతసేపూ ఇంకోటి లోపలికి రాలేదు. పొర పూర్తిగా లేవడానికి సుమారు నిమిషం పడుతుంది. ఆ నిమిషం కాపలా కరెంటుది.

జస్ట్ వాదన అక్కడితో ఆగలేదు. గుడ్డు పొలం కాదు, ముడిసరుకు కాదు, నిద్రపోతున్న రాజకుమారి కాదు. పెరగడానికి కావలసిన సామర్థ్యం అంతా దానిలో ముందే ఉంది, దాని ఉపరితలం బయటి ప్రపంచానికి జవాబు చెబుతుంది. లోబ్ పద్ధతుల్ని బాహాటంగా తప్పుపట్టారు, పలుకుబడి ఉన్న లోబ్‌కి అది నచ్చలేదు. కేంద్రకం, జీన్లే సర్వం అంటున్న కాలంలో కణం మొత్తాన్నీ చూడండి అన్నారు. కొన్నిచోట్ల ఆయన మరీ అటువైపు వెళ్ళిపోయారనే అనుకుంటాను. జీన్ల పాత్రని తక్కువ చేశారు. కానీ ఎటు చూడాలో ఆయన చూపించిన వేలు సరైన వైపే ఉంది.

1929లో నేపుల్స్‌కి వెళ్ళారు, తర్వాత బెర్లిన్. యూరప్‌లో ఆయన్ని శాస్త్రవేత్తగా మాత్రమే చూశారు, అది ఆయనకి కొత్త. అమెరికాకి తిరిగి వచ్చి ఉండాలనిపించలేదు. 1939లో కణ ఉపరితలం మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. అప్పటికి ఫ్రాన్స్‌లో ఉన్నారు. 1940లో జర్మన్ సైన్యం వచ్చింది, కొన్నాళ్ళు నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడి అమెరికా చేరారు గానీ అప్పటికే ఒంట్లో క్యాన్సర్. 1941 అక్టోబరులో చనిపోయారు, 58 ఏళ్ళు. 1996లో ఆయన బొమ్మతో అమెరికా ఒక తపాలా బిళ్ళ వేసింది. బతికుండగా ఒక ఉద్యోగం ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1982 వేసవి, మళ్ళీ వుడ్స్ హోల్, మళ్ళీ అర్చిన్ గుడ్లు. టిమ్ హంట్ అనే ఇంగ్లీషు ఆయన ఫలదీకరణ అయిన గుడ్లలో కొత్తగా ఏ ప్రొటీన్లు తయారవుతున్నాయో కొలుస్తున్నారు. లక్ష గుడ్లకీ గడియారం ఒకేసారి మొదలవుతుందని చెప్పాను కదా, అది ఇక్కడ అక్కరకొచ్చింది. పది నిమిషాలకోసారి కొన్ని గుడ్లు తీసి చూస్తే ప్రొటీన్లన్నీ పెరుగుతూనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది పెరుగుతుంది, కణం చీలే ముందు హఠాత్తుగా మాయమవుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ చీలే ముందు మాయం. దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. కణం ఎప్పుడు చీలాలో చెప్పే గడియారపు ముల్లు అది. మనలోనూ అదే కుటుంబం ప్రొటీన్లున్నాయి. 2001లో హంట్‌కి, ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. సైక్లిన్‌తో జతకట్టే ఎంజైముల్ని ఆపే పాల్బోసిక్లిబ్ అనే మందుకి 2015లో అమెరికాలో అనుమతి దొరికింది. రొమ్ము క్యాన్సర్‌లో కొన్ని రకాలకి ఇప్పుడు మన దేశంలోనూ రాస్తున్నారు. ఆ మందు పేరు ఇంట్లో విన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ చూసేవాళ్ళలో కొందరు ఉండే ఉంటారు.

హంట్ చూసిన ఆ సైక్లిన్ ఏ కాగితం చూసి తయారవుతోంది? తండ్రి కేంద్రకం అప్పుడే లోపలికి వచ్చింది, దాని జీన్లు ఇంకా పెద్దగా పని మొదలుపెట్టలేదు. తల్లి తన ఒంట్లో గుడ్డుని తయారు చేసేటప్పుడే ఈ ప్రొటీన్ల తయారీ సూచనలు ఆర్‌ఎన్‌ఏ రూపంలో రాసి లోపల దాచిపెట్టింది. గుడ్డు వాటిని తీసి చదువుతోంది. మొదటి చీలిక, రెండో చీలిక, మూడోది, అన్నీ అమ్మ రాసిపెట్టిన చీటీల మీదే నడుస్తాయి. కేంద్రకం లెక్కలో సగం సగం, మొదటి గంటల పనిలో మాత్రం దాదాపు అంతా ఆవిడదే.

ఇవాళ్టికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే అర్చిన్ విలన్. కాలిఫోర్నియా తీరంలో సముద్ర నక్షత్రాలు జబ్బుతో చచ్చిపోయాక, ఊదా అర్చిన్లు కెల్ప్ అడవుల్ని వేళ్ళతో సహా ఎలా మేసేశాయో, కరీబియన్‌లో 1983లో నల్ల అర్చిన్లు చచ్చిపోయేసరికి పగడపు దిబ్బలు ఎలా పాచి కింద పూడిపోయాయో చూద్దాం. ఉంటాను.